రిజిస్టర్‌లో 42 మంది, పనికి ఏడుగురు: గుడి సంఘంలో సేవా కార్యక్రమాలు ఎట్లా నడపాలి?

పడమటిగాలి (కావలి దగ్గర)

అందరికీ నమస్కారం. కొంచెం పెద్ద పోస్టు, ఓపిగ్గా చదవండి.

మాది కావలి దగ్గర ఒక క్యాథలిక్ విచారణ, అంటే ఒక ఫాదర్ గారి కింద ఉండే గుడి, దాని జనం. గుడిలో మగవాళ్ళ సోదర సంఘం ఒకటుంది, మా నాయన కాలం నుంచీ ఉంది. పండక్కి తేరు మోయడం, గుడికి సున్నం వేయించడం, ఎవరైనా పోతే పెట్టె తెప్పించే దగ్గర్నుంచి సమాధుల తోటలో మట్టి వేసేదాకా నిలబడడం, ఇవన్నీ సంఘమే చూసుకుంటుంది. మొన్న జరిగిన ఎన్నికల్లో నన్ను సేవా కార్యక్రమాల బాధ్యుడిగా పెట్టారు. ఎన్నికలంటే పెద్దగా ఏం లేదు, నేను మీటింగుకి ఆలస్యంగా వెళ్ళా, వెళ్ళేసరికి నా పేరు రాసేసి ఉన్నారు.

రిజిస్టర్‌లో 42 మంది ఉన్నారు. పనికి పిలిస్తే వచ్చేది ఏడుగురు. ఆ ఏడుగురిలో ఇద్దరు నా బావమరుదులు, రాకపోతే మా ఆవిడ ఊరుకోదు కాబట్టి వస్తారు. మిగతావాళ్ళు చెడ్డోళ్ళేం కాదు. కొందరికి పొగాకు బ్యారన్లున్నాయి, ఆకు కాల్చే రోజుల్లో రాత్రిళ్ళు మంట దగ్గరే పడుకుంటారు. నలుగురైదుగురు రొయ్యల గుంటల కాపలా. ఇద్దరు ఆటోలు తోలతారు. ఒకాయన రైల్వేలో రిటైరయ్యాడు, ఆయనకి టైమున్నా మోకాళ్ళు లేవు.

ఇప్పటిదాకా సేవ అంటే మా దగ్గర ఏడాదికి ఒక్కటే, క్రిస్మస్ ముందు దుప్పట్ల పంపిణీ. పోయినసారి లెక్కల పుస్తకం ఇప్పుడు నా చేతికొచ్చింది. మొత్తం ఖర్చు 61 వేలు. అందులో దుప్పట్లకు పోయింది 26 వేలు. మిగతాదంతా షామియానా, మైకు, ఫ్లెక్సీ, వచ్చిన పెద్దలకు శాలువాలు, మా భోజనాలు. చూసి రెండు రోజులు నిద్ర పట్టలేదు. దానికి తోడు మొన్న గుడి బయట ఒక అవ్వ కనపడి, "అబ్బయా, మూడేళ్ళలో మూడు దుప్పట్లు ఇచ్చారు, ఈ కంట్లోకి చుక్కలమందు మాత్రం ఎవురూ తెచ్చీలేదు" అన్నది. ఎగతాళి కాదు, మామూలుగానే అన్నది. అందుకే ఇంకా గుచ్చుకుంది. కావలిలో దుప్పటి కప్పుకునే చలి ఏడాదికి ఎన్ని రోజులుంటుందో మీకు తెలిసిందే కదా.

ఏడాది పొడుగునా చిన్నగా ఏదన్నా నడపాలని ఉంది. ఎక్కడ మొదలుపెట్టాలి? మనుషుల్ని ఎట్లా రప్పించాలి? డబ్బు సంగతేంది? మన గుడివాళ్ళకే చేయాలా, ఊరందరికీనా? మీ సంఘాల్లో ఎట్లా చేస్తున్నారో చెప్పండి. ఉపన్యాసాలొద్దు, వాటికి మా అధ్యక్షుడు గారున్నారు.

---

పెన్నాగట్టు (నెల్లూరు)

తమ్ముడూ, నీ పోస్టు చదివి నవ్వుకున్నా, ఎందుకంటే నన్ను కూడా ఇట్లాగే మీటింగులో లేనప్పుడు ఎన్నుకున్నారు. నాది విన్సెంట్ ది పాల్ సభ, పేదల ఇళ్ళకి వెళ్ళి సాయం చేసే క్యాథలిక్ సంఘం, నేను చేరి ఇరవై ఏళ్ళు దాటింది. మీది వేరే సంఘమైనా పని ఒకటే కాబట్టి చెప్తున్నా.

నువ్వు పడుతున్న బాధ నాలుగు వందల ఏళ్ళ పాతది. 1617లో పునీత విన్సెంట్ ది పాల్ ఫ్రాన్స్‌లో షాటియోన్ అనే చిన్న ఊళ్ళో విచారణ గురువు. ఒక ఆదివారం పూజకు సిద్ధమవుతుంటే ఎవరో వచ్చి, ఊరి బయట ఫలానా ఇంట్లో అందరూ జబ్బుపడ్డారు, నీళ్ళిచ్చే దిక్కు కూడా లేదని చెప్పారు. ఆయన ప్రసంగంలో ఆ మాట చెప్పాడు. సాయంత్రం తనే చూసొద్దామని బయల్దేరితే దారి పొడుగునా జనమే, తిండి పట్టుకుని వెళ్ళేవాళ్ళు, ఇచ్చి వచ్చేవాళ్ళు. ఇంకొకరైతే మా ఊరు ఎంత మంచిదో అని మురిసిపోయేవాళ్ళు. ఈయనకు మాత్రం దిగులేసింది. ఇవాళ వీళ్ళకి తినలేనంత చేరింది, సగం పాడైపోతుంది, ఎల్లుండికి మళ్ళీ పస్తే కదా అని. కొద్ది రోజుల్లోనే ఊళ్ళో ఆడవాళ్ళని కూర్చోబెట్టి వంతులు వేశాడు, ఇవాళ ఫలానా ఆమె వండాలి, రేపు ఇంకొకామె. అంతే, ఆ వంతుల జాబితాతోనే ఆయన సేవా సంఘం మొదలైంది.

ఇది నాకు పుస్తకంలో చదివినప్పుడు ఎక్కలేదు. 2021 నవంబర్‌లో ఎక్కింది. సోమశిల నుంచి నీళ్ళొదిలారు, పెన్నా పొంగింది, పడుగుపాడు దగ్గర రైలు పట్టాల కింద కట్ట కొట్టుకుపోయింది, గుర్తుంది కదా. మేమూ పులిహోర పొట్లాలు కట్టుకుని బయల్దేరాం. మేమేంది, నెల్లూరు నెల్లూరంతా పులిహోర కలిపింది. రోడ్డు పక్కన ఉన్నవాళ్ళకి ఒకే రోజు అయిదు సంఘాల పొట్లాలు అందాయి, సాయంత్రానికి వాసనొచ్చి పారబోశారు. లోపలికి, గట్టు దిగి రెండు కిలోమీటర్లు నడిస్తే యానాదుల కాలనీ ఒకటుంది. మేం మూడో రోజు వెళ్ళాం అక్కడికి. మాకంటే ముందు ఎవరూ వెళ్ళలేదు. ఆ రోజు ఒకాయన మమ్మల్ని అడిగింది అన్నం కాదు. తడిసిపోయిన ఆధార్ కార్డులు, రేషన్ కార్డు, బ్యాంకు పుస్తకం ఒక ప్లాస్టిక్ కవర్లో పెట్టుకొచ్చి, "ఇవి మళ్ళీ ఇప్పిస్తారా" అన్నాడు.

ఆ తర్వాత మూడు నెలలు మా సభ చేసిన పని అదే. మాలో ఇద్దరు రిటైరైన గుమాస్తాలున్నారు. వాళ్ళిద్దరూ వారానికి రెండు రోజులు సచివాలయం, మీసేవ, బ్యాంకు చుట్టూ తిరిగారు. మొత్తం ఖర్చు జిరాక్సులూ ఆటోలూ కలిపి దుప్పట్ల పంపిణీలో మైకు ఖర్చంత కూడా కాలేదు. దాన్ని ఫ్లెక్సీ వేసి చూపించలేం, అదొక్కటే నష్టం.

మేం నడిపే పద్ధతి చెప్తా, నచ్చితే తీసుకో. వారానికోసారి మీటింగు, గంటలోపే, అంతకంటే పొడుగైతే జనం రారు. ఇంటికి వెళ్ళేది ఎప్పుడూ ఇద్దరిద్దరుగా. ఒక్కడే వెళ్ళకూడదు, ముఖ్యంగా ఆడవాళ్ళు ఒంటరిగా ఉండే ఇళ్ళకి. ఒక జంటకి రెండిళ్ళు, మించి వద్దు. మీటింగులో సంచి తిప్పుతాం, చెయ్యి లోపల పెట్టి తీస్తారు, ఎవరు ఎంత వేశారో పక్కనోడికి తెలియదు. నోటు వేసేవాడు వేస్తాడు, ఏమీ లేనివాడు ఉత్త చెయ్యే పెట్టి తీస్తాడు, ఇద్దరికీ తలవంపు ఉండదు. ఏ ఇంటికి ఏమిచ్చామో మీటింగు దాటి బయటికి పోకూడదు. ఇది ఒజానామ్ కాలం నుంచి వచ్చిన అలవాటు. 1833లో పారిస్‌లో ఈ సభ పెట్టినప్పుడు ఆయనకి ఇరవై ఏళ్ళు, కాలేజీ కుర్రాళ్ళు అరడజను మంది. వాళ్ళకీ మొదట ఎక్కడికెళ్ళాలో తెలీలేదు. రోజలీ రాండూ అనే సిస్టర్ పేదవాడలో ఏళ్ళ తరబడి పనిచేస్తోంది, ఆమె దగ్గరికెళ్తే ఇళ్ళ పేర్లు చెప్పి, వెళ్ళి ఎట్లా మాట్లాడాలో కూడా నేర్పింది. నీక్కూడా మీ ఊళ్ళో అట్లాంటి మనిషి ఒకరుంటారు, ఆశా వర్కరో, అంగన్‌వాడీ టీచరో, గుడిలో మత పాఠాలు చెప్పే మీ ఉపదేశి గారో. ముందు వాళ్ళని పట్టుకో.

మన గుడివాళ్ళకేనా అన్నావు. మా దగ్గర ఆ ప్రశ్నే లేదు. అవసరం ఉన్న ఇల్లు ఏదైతే అదే.

---

వేరుశనక్కాయ

పెద్దాయన చెప్పింది బాగుంది గానీ ఒక మాట. ఫోటో లేకపోతే డబ్బులు రావు సార్. మా సంఘంలో ఒక ఏడాది ఫోటోలు మానేశాం, విరాళాలు సగానికి పడిపోయాయి. దుబాయ్‌లో ఉన్నోడు వాట్సాప్‌లో చూస్తేనే పంపిస్తాడు. గుట్టుగా చేయాలనేది పుస్తకాల్లో బాగుంటుంది.

---

పెన్నాగట్టు (నెల్లూరు)

నిజమే, కాదనను. మేం ఫోటో మానేసి లెక్క పంపిస్తాం. "ఈ నెల మూడిళ్ళకి మందులు, ఒక పాపకి బస్ పాస్, రెండు పింఛను దరఖాస్తులు, ఖర్చు ఇంత, మిగిలింది ఇంత" అని నాలుగు లైన్లు, పేర్లు లేకుండా. మొదట్లో తగ్గినమాట నిజం, తర్వాత మెల్లగా నిలబడింది. కొందరు మాత్రం పూర్తిగా మానేశారు, వాళ్ళని ఏం చేయలేకపోయాం. దుప్పటి పుచ్చుకునే మనిషి మొహం ఫోటోలో చూడు ఒకసారి, కెమెరా వైపు చూడమని మనమే అంటుంటాం. మా అమ్మని అట్లా నిలబెడితే నేను ఊరుకుంటానా?

---

చేపలపులుసు (ఊరు ఉలవపాడు, ఉండేది టెక్సాస్)

పడమటిగాలి బ్రదర్, నేనిక్కడ నైట్స్ ఆఫ్ కొలంబస్‌లో మెంబర్‌ని. అమెరికాలో క్యాథలిక్ మగవాళ్ళ సోదర సంఘం అంటే ముందు చెప్పేది దీన్నే, ఇరవై లక్షల పైచిలుకు సభ్యులున్నారు. ఇక్కడి పద్ధతి అక్కడ అచ్చు దింపమని చెప్పను, కానీ రెండు మూడు సంగతులు పనికొస్తాయి.

ఒకటి, కార్యక్రమాలన్నీ ఒక్కడి నెత్తిన పెట్టరు. విశ్వాసం, కుటుంబం, సమాజం, జీవం అని నాలుగు భాగాలు. మొత్తానికి ఒక ప్రోగ్రామ్ డైరెక్టర్, ఒక్కో భాగానికి ఒక్కో డైరెక్టర్, వాళ్ళ కింద ఒక్కో పనికి ఒక్కో మనిషి. పిల్లలకి చలికోట్లు ఒకాయన చూస్తే, ఆహారం సేకరణ ఇంకొకాయన. నేను చేరిన మొదటి ఏడాది నాకిచ్చిన పని ఏందో తెలుసా, తపస్సుకాలంలో (ఈస్టర్ ముందు వచ్చే ఉపవాస రోజులు) శుక్రవారం చేపల వేపుడు అమ్మే చోట నూనె మూకుడు దగ్గర నిలబడడం. ఇక్కడ చాలా విచారణల్లో తపస్సుకాలం శుక్రవారాలు ఇది పెద్ద సందడి, మాంసం తినరు కదా, గుడి హాల్లోకి వచ్చి చేపలు తింటారు, వచ్చిన డబ్బు సేవకి. ఉప్పూ కారం లేని ఆ వేపుడు చూసి మా అమ్మ వీడియో కాల్‌లో తిట్టింది అనుకోండి. కానీ నా పని ఏందో నాకు స్పష్టంగా తెలుసు. సాయంత్రం 4 నుంచి 8, మూకుడు నాది. అందుకే వెళ్ళేవాడిని. "అందరూ రండి, సేవ చేద్దాం" అంటే బహుశా నేనూ వెళ్ళేవాడిని కాదు.

రెండోది, దీనికోసమే అసలు రాస్తున్నా. ఈ సంఘం ఎందుకు పుట్టిందో చూడండి. ఫాదర్ మైకేల్ మెక్‌గివ్నీ అనే కుర్ర గురువు 1882లో న్యూ హేవెన్‌లో మొదలుపెట్టాడు. అప్పట్లో వలసొచ్చిన ఐరిష్ కూలీలు ఫ్యాక్టరీల్లో పడి చనిపోతే పెళ్ళాం పిల్లలు రోడ్డున పడేవాళ్ళు. ఆయనకి ఇది పరాయి కష్టం కాదు. ఫాదర్ అవడానికి సెమినరీలో చదువుతుండగా వాళ్ళ నాన్న చనిపోయి, చదువాపి ఇంటికి రావాల్సొచ్చింది. అందుకని సభ్యులంతా తలా కొంచెం వేసుకుని, ఎవరైనా పోతే ఆ కుటుంబానికి ఇచ్చే ఏర్పాటు పెట్టాడు. ఆ చిన్న ఏర్పాటే ఇవాళ పెద్ద బీమా సంస్థ అయింది. ఆయన మాత్రం 1890లో 38 ఏళ్ళకే పోయాడు. 2020లో ధన్యుడిగా ప్రకటించారు, పునీతుడికి ఒక మెట్టు కింద అన్నమాట.

మీరు పోస్టులో ఒక్క ముక్కలో దాటేశారు, ఎవరైనా పోతే పెట్టె తెప్పించేది సంఘమే అని. బ్రదర్, మీ దగ్గరున్న అసలు సేవ అదే! దాన్ని కార్యక్రమం అనుకోవట్లేదు మీరు. మా నాయన పోయినప్పుడు పెట్టెకి, బండికి, వచ్చినవాళ్ళ భోజనాలకి మా అన్న ఎకరం మీద అప్పు తెచ్చాడు, అది తీరడానికి రెండేళ్ళు పట్టింది. 42 మంది నెలకి 50 రూపాయలు వేసుకుంటే ఏడాదికి 25 వేలు దాటుతుంది. చావింట్లో మొదటి గంటలో చేతిలో పది వేలు పెట్టి, ఆ తర్వాత నలభై రోజుల్లో ఎవరో ఒకరు వెళ్ళి డెత్ సర్టిఫికెట్, వితంతు పింఛను కాగితాలు చూస్తే ఆ కుటుంబం జన్మలో మర్చిపోదు. ఆ ఇంటి మగపిల్లలు మీ సంఘంలోకి వాళ్ళంతట వాళ్ళే వస్తారు. దాన్ని ఇన్సూరెన్స్ అనకండి, పాలసీ కాగితాలు రాయకండి, అది వేరే చట్టం. సభ్యుల సాయం నిధి, అంతే.

మూడోది డబ్బు. మాలాంటివాళ్ళని అడుగుతారు ఎటూ, కాబట్టి ఇప్పుడే చెప్తున్నా. అమెరికా పౌరసత్వం తీసుకున్నవాళ్ళు పంపేది విదేశీ విరాళం కింద లెక్క. ఎఫ్‌సీఆర్ఏ (విదేశీ విరాళాల చట్టం) రిజిస్ట్రేషన్ లేని సంఘం అది తీసుకోకూడదు, మా మేనమామ పంపాడు కదా అంటే కుదరదు. ఇండియా పాస్‌పోర్టు ఉన్నవాళ్ళు తమ సొంత సంపాదన మామూలుగా బ్యాంకు ద్వారా పంపితే ఇబ్బంది లేదు. ఎవరి పాస్‌పోర్టు ఏందో అడగడానికి మొహమాటపడొద్దు.

---

కనిగిరి టీచరమ్మ

నేను చదువుతూ చదువుతూ వచ్చాను, ఎవరైనా అంటారేమో అని. ఎవరూ అనలేదు. 42 మంది మగవాళ్ళు, ఏడుగురు వస్తున్నారు, సరే. వాళ్ళ ఇళ్ళలో ఆడవాళ్ళని ఎవరైనా అడిగారా బాబూ? ఏ ఇంట్లో పొయ్యి వెలగట్లేదో, ఎవరి కోడలికి నెలలు నిండుతున్నాయో, ఏ పిల్ల బడి మానేసిందో వాళ్ళకి తెలుసు. మీ బావమరుదుల్ని పంపిస్తున్నది కూడా మీ ఆవిడే అని మీరే రాశారు!

సంఘం మగవాళ్ళదే అయినా జాబితా మాత్రం ఆడవాళ్ళతో రాయించండి. మన నెల్లూరు జిల్లా దూబగుంట ఊరి సంగతే చూడండి. 1990ల మొదట్లో సారా వ్యతిరేక ఉద్యమం అక్కడ పుట్టింది అంటే ఎవరో పైనుంచి కార్యక్రమం పంపిస్తే కాదు. రాత్రి బడికి వచ్చిన ఆడవాళ్ళు పాఠం చదువుతూ చదువుతూ మా ఇంటి కథ ఇదే కదా అనుకున్నారు, ముందు వాళ్ళ ఊరి సారా కొట్టు మూయించారు. వాళ్ళలో ముందు నిలబడ్డ రోశమ్మ గారి పేరు ఢిల్లీ దాకా వెళ్ళింది. 1993లో రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చింది. అక్షరాలు నేర్పుదామని పెట్టిన బడి అది. వాళ్ళకి కావలసింది వాళ్ళు చెప్పుకున్నారు.

మా వైపు సంగతి వేరుగా ఉంటుంది. కనిగిరి నీళ్ళల్లో ఫ్లోరైడ్ గురించి కొత్తగా చెప్పక్కర్లేదు, పళ్ళు చూస్తే ఏ ఊరో చెప్పెయ్యొచ్చు. వానల్లేని ఏడు సగం ఊరు హైదరాబాదు, బెంగుళూరు పనులకి పోతుంది, పిల్లలు నాయనమ్మల దగ్గర ఉంటారు. మా గుడిలో మేం చేసింది సాయంత్రం బడి ఒక్కటే. రోజూ 6 నుంచి 7:30. చదువు చెప్పడం కంటే పిల్లలు ఒకచోట ఉండడం ముఖ్యం. చదువు చెప్పేది ఇంటర్ చదివే ఆడపిల్లలు ముగ్గురు, వాళ్ళకి నెలకి తలా వెయ్యి ఇస్తాం. సేవ కదా ఊరికే చెయ్యమంటే పరీక్షల ముందు మాయమయ్యేవాళ్ళు, ఇప్పుడు మాయమవ్వట్లేదు.

పిల్లలతో పని పెట్టుకుంటే కొన్ని నియమాలు ముందే రాసుకోండి. పెద్దవాళ్ళు ఇద్దరు లేకుండా బడి తెరవకూడదు, తలుపులు వేయకూడదు, ఏ పిల్లనీ ఒక్కదాన్నే బండి మీద దింపకూడదు, ఎంత తెలిసినవాళ్ళైనా సరే. పిల్లల మీద లైంగిక వేధింపుల గురించి ఉన్న పోక్సో చట్టం ప్రకారం, అట్లాంటి అనుమానం వచ్చి కూడా చెప్పకపోతే అదీ నేరమే, గుడి పరువు అని దాచడం కుదరదు. మా దగ్గర ఈ నియమాలు పెట్టినప్పుడు "మమ్మల్నే అనుమానిస్తారా" అని ఇద్దరు పెద్దమనుషులు అలిగి వెళ్ళిపోయారు. వెళ్ళనిచ్చాం.

ఇంకోటి, మన గుడివాళ్ళకేనా అన్న ప్రశ్న గురించి. మన ఒంగోలు చరిత్రలోనే జవాబుంది. మనవాళ్ళు కాదు, బాప్టిస్టులు. 1876-78 కరువులో క్లౌ దొర అనే మిషనరీ బకింగ్‌హామ్ కాలువలో కొంత దూరం తవ్వే కాంట్రాక్టు తీసుకుని వేల మందికి కూలి పని చూపించాడు. గంజి పొయ్యడం కాదు, పని. ఆ కరువు రోజుల్లో మాకు బాప్తిస్మం ఇవ్వండని జనం వస్తే ఇవ్వలేదు, తిండి కోసం వచ్చారన్న మాట రాకూడదని. కరువు తీరాకే ఇచ్చాడు, 1878 జూలై 3న ఒక్కరోజే 2,222 మందికి. ఆ తర్వాతి సంగతి ఎట్లా ఉన్నా, ఆ ఆగడం నాకు నచ్చుతుంది. మీరు మందులిచ్చే ఇంట్లో జపమాల చెప్పమని అడగకండి. వాళ్ళే అడిగితే అప్పుడు చెప్పండి.

పెన్నాగట్టు అన్నా, ఒక్క విషయంలో మీతో ఒప్పుకోను. ఇళ్ళ పేర్లు గుట్టుగా ఉంచండి, మంచిదే. డబ్బు లెక్క మాత్రం వాట్సాప్‌లో నాలుగు లైన్లు చాలదు. మూణ్ణెల్లకోసారి గుడి నోటీసు బోర్డుకి అంటించాలి, బ్యాంకు ఖాతాకి ఇద్దరి సంతకాలుండాలి. మంచోళ్ళ మధ్యే లెక్కల దగ్గర గొడవలొస్తాయి, చెడ్డోళ్ళతో ముందే జాగ్రత్తగా ఉంటాం కదా.

---

పెన్నాగట్టు (నెల్లూరు)

టీచరమ్మ గారూ, నోటీసు బోర్డు మాట ఒప్పుకుంటున్నా. ఈ ఆదివారమే అంటిస్తా. మా కోశాధికారి చేతిరాత చదవగలిగితే మీ అదృష్టం.

---

రక్తచుక్క (ఒంగోలు, ల్యాబ్ టెక్నీషియన్)

ఎటూ ఎవరో ఒకరు రక్తదాన శిబిరం పెడదామంటారు, అందుకని ముందే రాస్తున్నా. సంఘం సొంతంగా రక్తం తీయించకూడదు, లైసెన్స్ ఉన్న బ్లడ్ బ్యాంకు వాళ్ళే వచ్చి తీయాలి. నెల ముందు వాళ్ళతో మాట్లాడి తేదీ తీసుకోండి. 18 నుంచి 65 ఏళ్ళు, బరువు కనీసం 45 కిలోలు, హిమోగ్లోబిన్ 12.5 ఉండాలి. మగవాళ్ళు మూడు నెలలకోసారి, ఆడవాళ్ళు నాలుగు నెలలకోసారి ఇవ్వొచ్చు. ఉపవాసం ఉన్నవాళ్ళని కూర్చోబెట్టొద్దు, తపస్సుకాలంలో పుణ్యమని ఖాళీ కడుపుతో వచ్చి కళ్ళు తిరిగి పడిపోయినవాళ్ళని చూశాను. వంద మందితో ఒకేరోజు జాతర చేసేకంటే రక్తం గ్రూపుల జాబితా రాసిపెట్టుకోండి. అర్ధరాత్రి కాన్పు కేసుకి ఓ నెగెటివ్ కావాలంటే ఫోన్ చేసే నంబరు మీ సంఘంలో ఉండాలి. గుంటల కాపలా ఉండేవాళ్ళు ఎటూ మెలకువగానే ఉంటారు కదా, ఫోన్ డ్యూటీ వాళ్ళకివ్వండి.

బీపీ, షుగర్ క్యాంపులు కూడా అంతే. చూసి చీటీ రాసిచ్చి వదిలేస్తే ఏం లాభం? మా చుట్టాల ఊళ్ళో ఒక క్యాంపులో మా పెద్దమ్మకి షుగర్ 340 అని రాసిచ్చారు, ఆమె ఆ చీటీ బైబిల్లో పెట్టుకుంది. నేను చూసేసరికి ఏడు నెలలైంది. క్యాంపు రోజు ఎంతమంది వచ్చారు అన్నదానికంటే, ఎక్కువ చూపించినవాళ్ళని పదిహేను రోజుల్లోపు పీహెచ్‌సీకి ఎవరు తీసుకెళ్తారు అన్నది ముందు రాసుకోండి. రాయలేకపోతే క్యాంపు పెట్టొద్దు.

---

పడమటిగాలి (కావలి దగ్గర)

అయిదు వారాలైంది, ఏం జరిగిందో చెప్పాలి కదా.

మొదట 42 పేర్లూ ముందేసుకుని ఎవరు ఎప్పుడు ఖాళీనో రాశాను. ఇంతకుముందు ఈ పని ఎవరూ చేయలేదు, అందరికీ ఆదివారం పూజ అయ్యాక మీటింగు అనేవాళ్ళం, ఆటోవాళ్ళకి బేరాలుండేదే అప్పుడు. ఇప్పుడు ఆటోవాళ్ళిద్దరికీ మంగళవారం ఇచ్చాం, ఆ రోజు ఇద్దరు ముసలాళ్ళని ఆస్పత్రికి తీసుకెళ్ళి తీసుకురావడం, డీజిల్ సంఘానిది. రైల్వే సారు గుడి వరండాలో కుర్చీ వేసుకుని గురువారం సాయంత్రం దరఖాస్తులు రాస్తున్నారు. మోకాళ్ళతో పనిలేదు. మొదటి వారం ఒక్కరూ రాలేదు, ఆయన పేపర్ చదువుకుని వెళ్ళారు. రెండో వారం ముగ్గురు. పోయిన వారం మసీదు వీధి నుంచి కూడా ఒకాయన వచ్చాడు, కొడుకు వికలాంగుల సర్టిఫికెట్ కోసం. బ్యారన్ల వాళ్ళని ఆకు పని అయ్యేదాకా అడగను అని చెప్పేశా, అట్లా చెప్పాక వాళ్ళలో ఇద్దరు తమంతట తామే సాయం నిధికి డబ్బు తెచ్చిచ్చారు.

జాబితా మా ఆవిడ, ఇంకో నలుగురు కలిసి రాశారు. 23 ఇళ్ళు. మాకు తెలిసినవి అందులో తొమ్మిది. టీచరమ్మ గారూ, ఇంకేం మాట్లాడను.

ఇప్పుడు పదకొండు మంది వస్తున్నారు. ఏడు నుంచి పదకొండు. సాయం నిధి మాట మీటింగులో పెడితే ఒక్కరు కూడా వద్దనలేదు, అది మాత్రం నేను ఊహించలేదు. ఫాదర్ గారు కూడా విచారణ ఖాతా వద్దు, విడిగా ఖాతా తెరవండి, ఇద్దరి సంతకాలు పెట్టండి అన్నారు.

ఫ్లెక్సీ గొడవ ఇంకా తేలలేదు. డిసెంబర్‌లో దుప్పట్లు పంచాల్సిందే, పెద్దల్ని పిలవాల్సిందే అని అధ్యక్షుడు గారు. పోయిన మీటింగులో ఆ 61 వేల లెక్క చదివి వినిపించా. కాసేపు ఎవరూ మాట్లాడలేదు. తర్వాత ఆయన శాలువాలు తగ్గిద్దాంలే అన్నారు.

అవ్వ కంటి సంగతి. అది చుక్కలమందుతో పోయేది కాదు, శుక్లమని చెప్పారు, ఆపరేషన్ ఉచితమే. అవ్వ మాత్రం ఒప్పుకోవట్లేదు. ఒక కన్ను ఎట్లా ఉన్నా కనిపిస్తోంది కదా, కత్తి పెడితే అదీ పోతే ఎవడు చూస్తాడని. మా పెద్ద బావమరిది, ఇంకొకాయనా వారం వారం వెళ్ళి కూర్చుని వస్తున్నారు. పోయినసారి అవ్వే టీ పెట్టి ఇచ్చిందట. చక్కెర అనుకుని ఉప్పేసింది. మావాడు ఏమీ అనకుండా తాగి వచ్చాడు, మళ్ళీ బుధవారం వెళ్తున్నాడు.